వేదికకు వీపు పెట్టి పాడిన రోజు

ఉద్యోగంలో నేను చేసిన ఘనకార్యాలు చెప్పమంటే రెండు నిమిషాల్లో అయిపోతాయి. చేసిన తప్పులు చెప్పమంటే మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. వాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. నివేదికలు రాసే కొలువుల్లో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలకు పనికొస్తుందని ఆశ. పనికిరాకపోయినా పరవాలేదు. నేను రాసిన నివేదికలు కూడా చాలావరకు ఎవరికీ పనికిరాలేదు.

డెబ్బైల చివర్లో నేను మదనపల్లెలో సర్కారు ప్రచార ఆఫీసులో సహాయకుణ్ణి. నా ఆస్తల్లా ఒక వ్యాను, ఒక ప్రొజెక్టరు, ఒక మైకు సెట్టు, నాకంటే పదేళ్ళు పెద్దవాడైన ఒక డ్రైవరు. బి.కొత్తకోట నుంచి కుప్పం దాకా ఊరూరా తెర కట్టి, వేరుశనగ తెగుళ్ళ మీద, చిన్న కుటుంబం మీద సినిమాలు చూపించేవాళ్ళం. జనం ఓపిగ్గా చూసి, చివర్లో ఒకటే ప్రశ్న అడిగేవాళ్ళు: "పాటలుండే సినిమా ఎప్పుడేస్తారు సార్?"

ఆ ప్రశ్న చెవిన పడీ పడీ మా ఆఫీసరుకు ఒక ఆలోచన వచ్చింది. ఈ చుట్టుపక్కల వీధుల్లో వాయించేవాళ్ళనీ, గుంపుగా పాడేవాళ్ళనీ ఏడాదికొకసారి ఒకచోట చేరుద్దాం, అందరినీ ఒక వేదిక మీదికి తెద్దాం అని. బ్యాండు సెట్లు, పలక డప్పులు కొట్టేవాళ్ళు, చెక్కభజన బృందాలు, చర్చి కోరస్‌లు, అందరూ. ఒక ఏడు మదనపల్లె, ఒక ఏడు పుంగనూరు, ఒక ఏడు కుప్పం. కాగితాల్లో దాని పేరు రెండు వరుసలుండేది. జనం మాత్రం పాటల తిరనాళ అనేవాళ్ళు. ఎనభైల నడుమ దాకా సాగి, వీడియో పెట్టెలు ఊళ్ళలోకి వచ్చాక అది కూడా చల్లబడిపోయింది. ఇప్పుడు దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు నాతో కలిపి నలుగురైదుగురు ఉంటారేమో.

మొదటి ఏడు మదనపల్లెలో. ఏర్పాట్లన్నీ నావే. అందులో నాకు ప్రాణం మైకు సెట్టు. రెండే మైకులు. ఎవరి వాయిద్యం ఎంత దూరంలో ఉంటే ఎంత వినపడుతుందో వారం రోజులు లెక్కలు వేశాను. వేదిక మీద ఒక్కొక్కరికి ఒక్కో కుర్చీ వేయించి, ఆ కుర్చీ జరగకుండా చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాను. గీతలు చూసి మా డ్రైవరు, "ఏం సార్, ముగ్గులేస్తాండారా?" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

బ్యాండు సెట్లలో పేరున్నది పుంగనూరుది. తొమ్మిది మంది. పగలు ఎవరి పనులు వాళ్ళవి. మాస్టరు ముసల్మాను, దర్జీ. ట్రంపెట్ ఊదేవాడికి సైకిల్ షాపు. పెద్ద డ్రమ్ము కొట్టే ఆయన పెద్దపంజాణి వైపు పల్లెవాడు, నాలుగు ఆవులున్నాయి. మీసాలు, బొజ్జ, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మొహం. మాస్టరు ఆయన్ని బావా అని పిలిచేవాడు. ఇద్దరిదీ వేరే మతం, వేరే ఊరు. కానీ ముప్పయ్యేళ్ళుగా ఒకే పాటలో ఉన్నవాళ్ళు.

ఎర్ర కోట్లు తొడుక్కుని వచ్చి, మాస్టరు నా గీతలకేసి చాలాసేపు చూశాడు.

"సార్, మేము కిందనే నడస్తా వాయిస్తాం. ఇంత గ్రౌండుండాది కదా."

"నడస్తే మైకులో పడదప్పా. పెద్దోళ్ళు వస్తాండారు. పద్ధతిగా కూర్చోని వాయించండి."

ఆయన వెనక్కి తిరిగి పెద్ద డ్రమ్ము ఆయన్ని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. ఏదో చెప్పబోయి మానుకున్నాడు. "క్లారినెట్ అట్లిట్ల ఊపొద్దు, మైకు ముందరే ఉండల్ల" అని ఇంకో ఆజ్ఞ కూడా వేశాను. మెట్లెక్కుతున్న పెద్ద డ్రమ్ము ఆయన్ని, "ఏమప్పా, అంతా సరేనా?" అని పలకరించాను. బదులు పలకలేదు. నా నోటివైపు చూసి ఊరికే నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

పాట మొదలైంది. మొదటి చరణం దాకా బాగానే ఉంది. తర్వాత పెద్ద డ్రమ్ము తన దారిన తాను పరుగెత్తింది. చిన్న డ్రమ్ము దాన్ని పట్టుకోబోయి తడబడింది. ట్రంపెట్ ఒకరి వెంట, ఇత్తడి తాళాలు ఇంకొకరి వెంట. నేను గీసిన గీతల్లో కూర్చుని తొమ్మిది మంది తొమ్మిది పాటలు వాయిస్తున్నట్టయింది. ముందు వరుసలో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి ఈలలు, నవ్వులు. పెద్ద డ్రమ్ము ఆయన మాత్రం నవ్వుమొహంతో కొడుతూనే ఉన్నాడు. మాస్టరు లేచి, ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, మైకు దగ్గరికొచ్చి సలాం చేశాడు.

"తప్పు నాదే. మాఫ్ చెయ్యండి."

అంతే. క్లారినెట్‌ను ముక్కలు విప్పి, ఒక్కో ముక్కా తుడిచి, తల ఎత్తకుండా పెట్టెలో సర్దుకోవడం నేను చూశాను. చూసి కూడా మరుసటి రోజు నివేదికలో ఈ వాక్యం రాశాను: "పుంగనూరు బ్యాండు సెట్టువారు మద్యము సేవించి వచ్చినట్లు కనిపించినది."

'కనిపించినది' అనే మాటలో ఎంత సుఖం ఉందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు తెలుసు. చూసినవాడి పేరుండదు, చేసినవాడి సంజాయిషీ ఉండదు. పలకరిస్తే పలకలేదు, తాళం తప్పాడు, ఊరికే నవ్వాడు. తాగకపోతే మరేమిటి? ఇది నా సాక్ష్యం. నా సుద్దగీతల మీదికి తప్పు రాకుండా ఆ వాక్యం అడ్డం పడుతుందన్న సంగతి నాకప్పుడు తోచలేదని చెప్పాలనుంది. తోచింది.

గోడలకు చెవులుంటాయంటారు. మా ఆఫీసు గోడలకు నోళ్ళు కూడా ఉండేవి. నెల తిరక్కముందే ఆ వాక్యం పుంగనూరు చేరింది. తాగి వాయిస్తారట అన్న పేరు బ్యాండుకు అంటుకుంది. పెళ్ళివాళ్ళు ఒకరొకరే రికార్డులు వేసే మైకు సెట్లకు మళ్ళారు. పైనుంచి మాకు ఉత్తర్వు వచ్చింది: ఇకమీదట బ్యాండు సెట్లను పిలవరాదు. ఒక్క పుంగనూరుదే కాదు, అన్నిటినీ.

రెండో ఏడు తిరనాళ పుంగనూరులోనే. కోరస్‌లు, భజనలు మాత్రమే. అందరూ గీతల్లోనే కూర్చున్నారు, మైకులో చక్కగా పడింది, మధ్యాహ్నం మూడింటికల్లా జనం ఆవలింతలు మొదలుపెట్టారు. అప్పుడు పక్క వీధిలోంచి క్లారినెట్ వినపడింది. ఎవరిదో పెళ్ళి ఎదురుకోలు. ముందు వెనక వరుస లేచింది, తర్వాత మధ్య వరుస. పది నిమిషాల్లో నా షామియానా కింద పెద్దలూ వాళ్ళ మెడల్లో దండలూ మిగిలాయి. కోపం పట్టలేక నేనే పోయాను, ఆ వాద్యం ఆపించడానికి.

వాళ్ళే. అదే తొమ్మిది మంది, అవే ఎర్ర కోట్లు. ఆపమని చెప్పడానికి ఎత్తిన చెయ్యి నాకు తెలియకుండానే దిగిపోయింది. అంత పొందికైన వాద్యం నా జన్మలో వినలేదు. ఒక్క మనిషి తొమ్మిది వాయిద్యాలు వాయిస్తున్నట్టుంది. నేను కూడా వాళ్ళ పక్కన నడవడం మొదలుపెట్టాను.

సంత వీధి మలుపులో ఒక లారీ అడ్డం వచ్చింది. ఊరేగింపు రెండుగా తెగింది. ఎనిమిది మంది లారీకి అవతల, అందరికంటే వెనక నడిచే పెద్ద డ్రమ్ము ఆయన ఇవతల. అవతల పాట సాగుతూనే ఉంది, నాకు బాగా వినపడుతూనే ఉంది. పెద్ద డ్రమ్ము మాత్రం ఠక్కున ఆగిపోయింది. ఆయన పుల్ల ఎత్తి పట్టుకుని లారీ చక్రాల కింది సందులోంచి అవతలికి చూస్తున్నాడు. ఆయన వెనకే ఇంకో లారీ వచ్చి, వీధి అదిరేటట్టు హారన్ కొట్టింది. నేను ఎగిరిపడ్డాను. ఆయన తల కూడా తిప్పలేదు.

లారీ కదిలింది. ముందున్నవాళ్ళ కాళ్ళు కనపడ్డాయి. ఒక్క అడుగు చూసుకుని, రెండో అడుగుకు ధన్ మని సరిగ్గా పాటలో కలిశాడు.

నా కాళ్ళు అక్కడే నిలబడిపోయాయి. ఆయన వాయించేది విని కాదు, ముందరివాళ్ళ మడమలు చూసి. నేను ఆ మడమల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాను.

ఎదురుకోలు అయ్యాక మాస్టరును టీ అంగడికి తీసుకుపోయాను.

"ఆయనకు ఇనపడదు కదా?"

మాస్టరు ఇంకెవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాడు. "ఏడేండ్లాయె సార్. ఒగ పెండ్లిలో ఔట్లు ఆయన పక్కనే పేలినాయి. ఇంగ అంతే. నడస్తే కాళ్ళు సూసి కొడతాడు. పాట మారేటప్పుడు నేను క్లారినెట్ పైకెత్తుతా. మా బావ మాదిరి తాళం ఈ జిల్లాలో ఇంగొకరు కొట్టమను సూద్దాం."

"ఆ పొద్దే నాకు యాల సెప్పలేదప్పా?"

"సెప్తే ఏమవుతుంది? తాగినాడంటే ఒగ తూరి అనుకోని మరిసిపోతారు. చెవిటోడు డ్రమ్ము కొడతాండాడంటే ఇంగెప్పుడైనా పిలస్తారా? ఆయన్ని తీసెయ్యమంటారు. ఆయన యాడికి పోవల్ల?"

ఐదు పూటలా నమాజు చేసే మనిషి, చుక్క ముట్టని మనిషి, తాగుబోతు అన్న పేరు తలకెత్తుకుని ఏడాదిగా మోస్తున్నాడు. నేను టీ అట్లాగే వదిలేశాను.

"ఆ మాట రాసింది నేనే" అన్నాను.

"తెలుసు సార్. మీ అటెండరు నా కాడే కదా ప్యాంట్లు కుట్టించుకునేది." గొంతు తగ్గించి, "మీరు ఆ మాటను తీసేస్తే సాలు. చెవి సంగతి మాత్రం యాడా అనొద్దు" అన్నాడు.

రాసినంత సులువు కాదు పిల్లలూ, తీసెయ్యడం. విచారించకుండా రాశాను, అది నా పొరపాటు అని పైకి కాగితం పెట్టాను. మెమో వచ్చింది. ఆఫీసరు పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన బెజవాడ వైపు మనిషి, చెడ్డవాడు కాదు.

"తాగలేదంటున్నావు. మరి తాళం ఎందుకు తప్పారయ్యా?"

కారణం చెప్పలేను. మాస్టరుకు మాటిచ్చాను. "కుర్చీలు సార్" అన్నాను.

"కుర్చీలా!"

"వాళ్ళు నడస్తేనే వాయించగలరు సార్. ఈసారి కుప్పంలో సభకు ముందు ఊరేగింపు పెడదాం. రైల్వేస్టేషన్ నుంచి స్కూలు గ్రౌండు దాకా. వీళ్ళను పిలవనీండి. మళ్ళీ చెడిపోతే నన్ను ఏం చేసినా సరే."

ఆయన మెమోను ఫైలులో పెట్టి, "చెడిపోతే ఈ జన్మలో ఇంకే బ్యాండు మన వేదిక ఎక్కదు. నువ్వు కూడా ఎక్కవు" అన్నాడు. అదే అనుమతి.

అప్పటికి బ్యాండులో ఇద్దరు వేరే సెట్లకు పోయే ఆలోచనలో ఉన్నారు. కొత్త డ్రమ్ము మనిషిని పెట్టుకుంటే ఉంటామని మాస్టరుతో అన్నారట. కుప్పంలో వాయించి మళ్ళీ పేరు తెచ్చుకుంటే బ్యాండు నిలుస్తుంది, ఆయనా ఉంటాడు. లేకపోతే ఆయన డ్రమ్ము అటక ఎక్కుతుంది. నా కొలువు సంగతి నాకు అంత గుర్తులేదు. ఆ డ్రమ్ము సంగతే గుర్తుంది.

ఊరేగింపులో బ్యాండుతో కలిసి పాడటానికి మదనపల్లె కోరస్‌ను అడిగాను. మిషన్ ఆసుపత్రిలో పనిచేసే నర్సులూ, ఆయాలూ పన్నెండు మంది. నడిపించేది ఒక పెద్ద సిస్టరమ్మ. ఆమె చూపు పడితే డాక్టర్లు కూడా చేతులు కడుక్కునేవారని చెప్పుకునేవాళ్ళు.

"నడస్తా పాడేదా? ఆయాసం రాదా అప్పా?" అని మొదట కొట్టిపారేసింది. మళ్ళీ తనే, "మట్టలాదివారం నాడు పాడతామే, ఊరంతా తిరగతా" అంది. అట్లా ఒప్పుకుంది. హార్మోనియంను తుండుగుడ్డతో మెడకు కట్టుకోవడం కూడా ఆమె ఆలోచనే.

మదనపల్లెలో ఒక మధ్యాహ్నం రెండు జట్లూ కలిసి నడిచి చూసుకున్నారు. పాట కోరస్‌వాళ్ళది, కోతల పాట. బ్యాండు వెనక అందుకోవాలి. రెండు మూడుసార్లు కుదరలేదు. విరామంలో సిస్టరమ్మ పెద్ద డ్రమ్ము ఆయన వెనకనుంచి, "అప్పా, మంచినీళ్ళు" అంది. ఆయన తిరగలేదు. ఇంకోసారి గట్టిగా అంది. అప్పుడూ తిరగలేదు. ఆమె నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

"నువ్వు సెప్పాల్సిన పన్లేదులే. ముప్పయ్యేండ్లుగా రోగులనే సూస్తాండాను" అంది నెమ్మదిగా. తర్వాత గట్టిగా అందరికీ వినపడేటట్టు, "పెద్ద డ్రమ్ము యాలప్పా అంత యెనకాల? మా పాటకు మా కాళ్ళే తాళం. ఆయన్ని మా యెనకాలే నడవనీండి" అంది. తన వాళ్ళవైపు తిరిగి, "చీరలు కొంచెం పైకి దోపుకోండమ్మా, దుమ్ముండాది" అంది. పన్నెండు జతల మడమలు బయటపడ్డాయి. ఆ పూట ఇక ఒక్క తప్పు రాలేదు.

కుప్పంలో ఆ రోజు ఎండ మండిపోతోంది. స్టేషన్ ముందర పలకలవాళ్ళు కాగితాలు మంట వేసి పలకలు కాచుకుంటున్నారు. భజనవాళ్ళు గజ్జెలు కట్టుకుంటున్నారు. తెలుగు, తమిళం, కన్నడం, దక్కనీ అన్నీ ఒకేసారి వినపడుతున్నాయి. ఊరేగింపు కదిలింది. ముందు తెల్లచీరలు, వెనక ఎర్ర కోట్లు. అంగళ్ళవాళ్ళు తక్కెళ్ళు వదిలి గడపల్లోకి వచ్చారు. నేను పాట వినలేదు. దారంతా ఆ పుల్లనే చూస్తూ నడిచాను. గ్రౌండు దాకా ఒక్క దెబ్బ అటూ ఇటూ కాలేదు.

 అక్కడ వేదిక మీద, ఈసారి పైనే కూర్చున్న పెద్దల పక్కన, తొమ్మిది కుర్చీలు వేసున్నాయి. నాకు తెలియకుండా ఎవరో వేయించారు. మైకులో మా ఆఫీసరు గొంతు: "పుంగనూరు బ్యాండువారు వేదికపైకి వచ్చి పెద్దల సమక్షంలో ఒక పాట వినిపించవలసిందిగా కోరుతున్నాము."

మాస్టరు నన్ను చూశాడు. నేను వేదికవైపు పరుగెత్తాను, ఏం చెప్పాలో తెలియకుండానే. అంతలో వెనక పాట మొదలైంది.

తిరిగి చూశాను. బ్యాండు అప్పటికే వేదిక మెట్ల దగ్గరికి చేరిపోయి ఉంది. సిస్టరమ్మ తన పన్నెండు మందినీ బ్యాండుకూ జనానికీ నడుమ వరుసగా నిలబెట్టింది. వేదికపైకి ఎవరూ ఎక్కలేదు. వాళ్ళు వేదికవైపు మొహం పెట్టి పాడితే బ్యాండువైపు తిరిగినట్టవుతుంది, మడమలు కనపడవు.   కాబట్టి పెద్ద డ్రమ్ముకు మడమలు చూపించాలంటే దారి ఒకటే: పెద్దలకు వీపు పెట్టడం. పన్నెండు మందీ వేదికకు వీపు పెట్టి, నిలబడ్డ చోటనే ఎడమ కుడి, ఎడమ కుడి అని అడుగులు వేస్తూ పాడుతున్నారు. దుమ్ము లేస్తోంది.

ఆఫీసరు మొహం బ్యాండు కోటు రంగుకు తిరిగింది. "ఏమయ్యా, పెద్దలకు వీపు చూపించడమేమిటి?"

"ఈ వైపు పద్ధతి సార్. పాట అయినాకే తిరిగి దండం పెడతారు."

"నేనెప్పుడూ వినలేదే!"

"మీరు బెజవాడ వైపు కదా సార్."

నా ఉద్యోగ జీవితంలో అంత ధైర్యంగా ఆడిన అబద్ధం ఇంకోటి లేదు. పాట అయిపోయింది.  జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లకు నా మైకు సెట్టు చిన్నబోయింది. సిస్టరమ్మ నా మాట విన్నదో లేదో గానీ, వాళ్ళందర్నీ వేదికవైపు తిప్పి నిండుగా దండం పెట్టించింది. ఆఫీసరు కూడా లేచి చేతులు జోడించాడు.

ఆ వారం రాసిన నివేదికలో 'కనిపించినది' అన్న మాట వాడలేదు. "నేను చూశాను, బ్రహ్మాండంగా వాయించారు" అని రాశాను. భాష సరిగా లేదని ఆఫీసరు ఎర్రసిరాతో గీత పెట్టి, సంతకం మాత్రం చేశాడు. ఉత్తర్వు రద్దయింది. ఆ తర్వాత తిరనాళ నడిచినన్నాళ్ళూ కోరస్‌వాళ్ళు వేదికకు వీపు పెట్టే పాడారు. యాల అని కొత్తవాళ్ళు అడిగితే తలా ఒక కారణం చెప్పేవాళ్ళు. దేవుడికి తప్ప ఎవరికీ ఎదురుగా పాడరని ఒకరు, ఎండ కళ్ళలో పడుతుందని ఒకరు. అసలు కారణం తెలిసినవాళ్ళం మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెద్ద డ్రమ్ము ఆయన పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సాయంత్రం కుప్పం బస్టాండులో పెద్ద డ్రమ్ము ఆయన కొళాయి కింద కాళ్ళు కడుక్కుని నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"సార్, ఆయమ్మోళ్ళ పాట ఎట్లుండె? నేను కొట్టింది దానికి సరిపోయిందా?"

 నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఉన్న గొంతంతా ఎత్తి అరిచాను: "శానా బాగుండిందప్పా!" బస్టాండంతా తిరిగి చూసింది.

ఆయన నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు. "అరవద్దు సార్, ఇనపడదు. మదనపల్లెలో సెడిపోయిందని నాకు మా మాస్టరు మొగం సూసినాంకనే తెలిసె. ఇప్పుడు మీ మొగం సూస్తాండా. సాలు."